దీపం లేని ఊళ్ళ సొత్తు

రెవిన్యూ లెక్కల్లో 'బేచిరాకు గ్రామం' అనే మాట ఒకటుంది. పారశీకం నుంచి వచ్చింది. దీపం లేనిదని అర్థం. పేరుంటుంది, పొలిమేరలుంటాయి, సర్వే నెంబర్లుంటాయి, కాపురాలుండవు. మన హోసూరు, కృష్ణగిరి సీమలోనూ అలా పాడుబడిన పల్లెలున్నాయి. 1876-78 నాటి ధాత కరువు, తెగిన చెరువులు, ఎండిన బావులు, అంటురోగాలు - ఊరు లేచిపోవడానికి కారణాలెన్నో. మిగిలేది పాటిదిబ్బ. బూడిద, పెంట, గోడల మన్ను కలిసిన ఆ పాటిమన్నును రైతులు తరతరాలుగా చేలకు తోలుకుంటున్నారు.

ఇప్పుడు ఇలాంటి దిబ్బల మీదికి మెటల్ డిటెక్టరు వస్తోంది. జానెడు లోతున నాణెం ఉన్నా కూస్తుంది. కూసిన చోటల్లా గుంత. "అడిగే దిక్కు లేని సొత్తు, ఎవరు తీసుకుంటే ఏం?" అనే మాట చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. తేలికగా తోసెయ్యదగ్గ ప్రశ్న కాదు. మన్ను తోలుకున్న రైతుది తప్పు కానప్పుడు నాణెం ఏరుకున్నవాడిది తప్పెలా అవుతుంది?

1878 నాటి నిధి చట్టం, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలంటుంది. చట్టానికి భయపడి మానేవాడు, చూసేవాడు లేనప్పుడు తవ్వుతాడు. ధర్మం ఏమిటన్నది ఇంకా మిగిలే ఉంది.

బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక నాకు డిపాజిట్ల లెక్క గుర్తుకొస్తుంది. పదేళ్ళు కదలని డిపాజిట్టును బ్యాంకు తన లాభంలో కలుపుకోదు. 2014లో రిజర్వు బ్యాంకు ఏర్పరచిన నిధికి పంపుతుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళకైనా ఖాతాదారో, వారసుడో ఆధారాలతో వస్తే ఇవ్వవలసిందే. ఎవరూ అడగనంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు.

మరి పాటిదిబ్బకు వారసులెవరు? ఊరు పోయినా, పాత పొలిమేరలోని మారెమ్మకు ఏటా వచ్చి దీపం పెట్టిపోయే కుటుంబాలుంటాయి. వాళ్ళతోనే లెక్క ముగియదు. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో జరిగిన తవ్వకాల వల్ల అక్కడి ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటిదని 2022లో ప్రకటించారు. ఆ వయసు చెప్పింది ఇనుము దొరికిన మట్టిపొరలోని నమూనాలు. అలాంటి ముక్కను ఎవరో పెకలించి పట్టుకుపోతే పాతఇనుము కొట్లో కిలోల లెక్కన పోతుంది. సొత్తుతోపాటు దాని దస్తావేజూ చిరిగిపోతుంది. అప్పుడు నష్టపోయేది మనమందరమూ, మన తర్వాతివాళ్ళూను.

రైతు తోలిన మన్నుతోనూ కొంత చరిత్ర పోయింది, నిజమే. కాని అతనికి అది ఎరువు. ఎవరి దాపరికాన్నీ అతను వెతకలేదు. డిటెక్టరు పట్టినవాడు, ఒకరు దాచుకున్నదని తెలిసే వెతుకుతాడు. తేడా అక్కడే ఉంది. యంత్రంలో పాపం లేదు. ఇంగ్లాండులో 1997 నుంచి ఇలా దొరికిన వస్తువులను, దొరికిన చోటుతో సహా నమోదు చేసే పద్ధతి నడుస్తోంది.

రాష్ట్రానికి ఇవతల ఉండిపోయిన మనకు ఈ న్యాయం ఇంకొంచెం బాగా తెలియాలి. బడిలో అడిగే పిల్లలు తగ్గారు కనుక తెలుగు ఇక్కడ ఎవరిదీ కాదని ఎవరైనా రాసేస్తే ఒప్పుకుంటామా? పాటిదిబ్బ పక్కన బతికేవాళ్ళు చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. ఆ ఊరి పేరు, చెరువు పేరు, చేల పేర్లు, లేచిపోయిన ఇంటిపేర్లవాళ్ళు ఎటు వెళ్ళారో ముసలివాళ్ళనడిగి రాసిపెట్టాలి. వారసుడు వచ్చేదాకా ఖాతా మూయకూడదు.