పూర్తికానిది తప్పా?

ఈ ఏడాది మా పాఠశాల కంప్యూటర్ గదిలో పైథాన్ భాష నేర్చుకుంటున్నాం. నెదర్లాండ్స్ దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ 1991లో దీన్ని విడుదల చేశారు. తెరమీద >>> గుర్తు కనిపిస్తుంది. దాని పక్కన ఒక వరుస రాసి ఎంటర్ నొక్కితే పైథాన్ వెంటనే జవాబిస్తుంది.

ఒకరోజు నేను బ్రాకెట్ తెరిచి, మూయకుండానే ఎంటర్ నొక్కేశాను. ఎర్రర్ వస్తుందనుకున్నా. రాలేదు. "ఇంకా ఉంది కదా, చెప్పు" అన్నట్టు మూడు చుక్కలు వచ్చాయి. ఈసారి, తెరవని బ్రాకెట్‌ను మూసి చూశాను. వెంటనే తప్పు అంది. మా సార్ వివరించారు: పైథాన్‌లో ఈ పనికోసమే కోడ్‌ఆప్ అనే మాడ్యూల్ ఉంది. మనం రాసినది పూర్తయిందా, తప్పా, లేక ఇంకా పూర్తికాలేదా అని అది చూస్తుంది. తరువాత ఏం రాసినా బాగుపడదంటేనే తప్పు అంటుంది. బాగుపడే వీలుంటే ఆగుతుంది.

ఆ మాట వినగానే మా తమ్ముడు గుర్తొచ్చాడు. పోయిన నెల వాడు బడినుంచి వచ్చి, "అక్కా, నీ జామెట్రీ బాక్సు నేను..." అన్నాడు. అంతే. "పోగొట్టావా?" అని చెంపమీద కొట్టాను. వాడు ఇంకేం మాట్లాడలేదు. రాత్రి నా సంచి తెరిస్తే బాక్సు ఉంది. ఊడిపోయిన మూతకు తీగ కట్టి వాడే బాగుచేశాడు. "తప్పయిపోయిందిరా" అన్నాను. తలూపాడు. కానీ ఇప్పటికీ నాతో ఏదైనా చెప్పేముందు నా ముఖం చూస్తాడు.

మరి ఎదుటివాళ్లు ఏమన్నా వింటూ కూర్చోవాలా? ఒకరి కులాన్నో రంగునో ఎగతాళి చేస్తూ మొదలుపెడితే, తరువాత ఏం కలిపినా ఆ మాట బాగుపడదు. అక్కడే ఆపాలి. తక్కినప్పుడు? 'ఫర్' లాంటి భాగం రాసేటప్పుడు ఎన్ని వరుసలైనా సరే, పైథాన్ తనంతట తాను అయిపోయిందనుకోదు. రాసేవాళ్లు ఒక వరుస ఖాళీగా వదిలితేనే పని మొదలుపెడుతుంది. అంటే, అయిపోయిందని చెప్పాల్సింది మాట్లాడేవాళ్లే, వినేవాళ్లు కాదు.

పైథాన్‌కు ఓర్పు లేదు, కోపమూ లేదు. నియమం మాత్రమే ఉంది. నాకు కోపం వస్తుంది కాబట్టి ఆ నియమం నాకే ఎక్కువ అవసరం.

నిన్న తమ్ముడు "అక్కా, నీ నోటుబుక్కు..." అని ఆగిపోయాడు.

"ఊఁ, చెప్పరా" అన్నాను.

"వానకు తడిసిపోయింది."

కోపం వచ్చింది. అయినా ఆగాను. వాడి మాట ఇంకా అయిపోలేదు.