మితాహారం: ఎంత తింటే మితం?

మితంగా తినమని దాదాపు ప్రతి మతమూ చెప్పింది. ఆ మితం ఎంత, దాన్ని నిర్ణయించేది ఏది అన్న దగ్గరే చిక్కు వస్తుంది. బరువు తగ్గాలనుకునే మనిషికి ఈ చిక్కు రోజూ కంచం ముందు ఎదురవుతుంది. నాలుకను అడిగితే ఒక కొలత చెబుతుంది, కడుపును అడిగితే ఇంకొకటి. ఈ రెంటికీ బయట నిలబడి కొలిచేది కేలరీల లెక్క. అది ఎంతవరకు మనిషికి దారి చూపుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే లెక్కనూ ధర్మాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒంట్లో వేడి నిలవడానికి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో ఈ ఖర్చు కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ. చేసే పనికి పట్టే ఖర్చు దీనిపైన చేరుతుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు మారిన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2110 కేలరీలు కావాలి. మధ్యరకం శ్రమ చేస్తే 2710, కష్టమైన శ్రమ చేస్తే 3470. 55 కిలోల ఆడమనిషికి ఇవే వరుసగా 1660, 2130, 2720. ఖమ్మం జిల్లా కుసుమంచి ప్రాంతంలో రోజంతా నాట్లు వేసే కూలీకీ, అదే ఊళ్లో దుకాణంలో కూర్చునే వ్యాపారికీ ఒకే పళ్లెం మితం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఈ తేడా ధర్మశాస్త్రానికి కొత్త కాదు. తెలుగునాట ఎన్నో కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం మునికి ఎనిమిది ముద్దలు, వానప్రస్థుడికి పదహారు, గృహస్థుడికి ముప్పై రెండు అని లెక్క కట్టింది. చదువుకునే బ్రహ్మచారికి మాత్రం లెక్కే పెట్టలేదు. అగ్నిహోత్రం చేసేవాడు, బండి లాగే ఎద్దు, బ్రహ్మచారి, ఈ ముగ్గురికీ తింటేనే పని సాగుతుందని కూడా అదే చోట చెప్పింది. కొలత పుణ్యాన్ని బట్టి కాక చేసే పనిని బట్టి మారడం ఇందులో గమనించవలసిన సంగతి. తక్కువ తినేవాడు గొప్పవాడనీ ఎక్కువ తినేవాడు అధముడనీ ఈ సూత్రం అనలేదు.

అయితే అదే గ్రంథంలో ఒప్పుకోలేని మాట కూడా ఒకటి ఉంది. అన్నం చాలనప్పుడు ఇంటి యజమాని తనకు గానీ, భార్యకు గానీ, కొడుకుకు గానీ తగ్గించుకోవచ్చు. పనిచేసే దాసుడికి మాత్రం తగ్గించకూడదు. కష్టపడేవాడి తిండి ముట్టుకోవద్దన్నది ఉన్నతమైన నియమం. కానీ భార్య ఆకలి మీద భర్తకు అధికారం ఇవ్వడం న్యాయం కాదు. అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లు ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఉన్నారు. ఒకరోజు గిన్నె అడుగున ఏమీ మిగలదు, మరోరోజు పారేయడం ఇష్టంలేక మిగిలిందంతా తినేస్తారు. ఈ రెంటిలో ఏదీ ఆమె శరీరానికి తగిన కొలత కాదు. ఆమెకంటూ విడిగా ఒక అవసరం ఉందని చెప్పినంత మేరకు 1660 అన్న అంకె న్యాయం వైపే ఉంది.

బరువు తగ్గడం గురించి భారతీయ మత సాహిత్యంలో ఉన్న అత్యంత స్పష్టమైన కథ బౌద్ధులది. కుసుమంచికి పొరుగునే ఉన్న నేలకొండపల్లిలో పెద్ద బౌద్ధ స్తూపం ఉంది. ఈ నేల ఒకప్పుడు విన్న ధర్మంలోనిదే ఆ కథ. కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణమనే పెద్ద కొలతంత బియ్యం వండించుకుని తినేవాడు. ఒకరోజు భోజనం చేసి, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఎరుకతో ఉండి, తిండిలో కొలత తెలిసినవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని అర్థమిచ్చే ఒక గాథను బుద్ధుడు చెప్పాడు. రాజు ఆ గాథను సుదర్శనుడనే యువకుడి చేత కంఠస్థం చేయించి, తాను భోంచేసేటప్పుడల్లా చదవమన్నాడు. అందుకు రోజుకు వంద కార్షాపణాల నాణేలు ఇస్తానన్నాడు. క్రమంగా రాజు తిండి ద్రోణం కంటే చాలా చిన్నదైన నాళిక కొలతకు దిగింది, ఒళ్లు తేలికపడింది.

ఈ కథలో రాజును ఎవరూ తిట్టలేదు, పస్తు ఉండమనలేదు. తినే క్షణంలోనే గుర్తుచేసే గొంతు ఒకటి ఏర్పాటైంది, తగ్గడం మెల్లగా జరిగింది. లెక్క రాసుకోవడం ఈ కాలంలో ఆ యువకుడి పనే చేస్తుంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయని, పచ్చడి పైన తేలే నూనెలోనూ చాలానే ఉంటాయని తెలిసిన చేయి కాస్త ఆగుతుంది.

తగ్గడానికి గణితం తేలికే. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి కాబట్టి రోజుకు 500 తగ్గిస్తే వారానికి అరకిలో దాకా తగ్గాలి. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చూ తగ్గుతుంది కనుక ఈ వేగం నిలవదు. అది భక్తి లోపమో పట్టుదల లోపమో కాదు. పైగా 1660 మాత్రమే అవసరమైన ఆడమనిషి 500 తీసేస్తే మిగిలేది 1160. బరువు తగ్గించే ఆహారం వెయ్యి కేలరీలకు దిగకూడదని జాతీయ పోషకాహార సంస్థ హెచ్చరిస్తుంది. ఆ హద్దుకు దగ్గరపడే ఇలాంటివారు కొంత తిండిలో తగ్గించి, మిగతాది గంటసేపు నడకతో పూడ్చుకోవడం మేలు.

ఇక తపస్సు మాట. కుసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం ఉంది. శివరాత్రికి శివభక్తులు ఉపవాసం, జాగరణ చేస్తారు. ఆ ఉపవాసానికి ఒక దేవుడున్నాడు, ఒక తిథి ఉంది, తెల్లవారాక పారణ ఉంది. మొదలూ ముగింపూ ఉన్న వ్రతం అది. బరువు కోసం మాడ్చుకునే మనిషికి ఈ మూడూ ఉండవు. తిన్న ప్రతి ముద్దకూ పాపభారం, దానికి ప్రాయశ్చిత్తంగా మర్నాడు పస్తు, ఆ పైన ఆకలికి తాళలేక విరుచుకుపడి తినడం. దీనికి ఆధ్యాత్మికత పేరు పెట్టడం సరికాదు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారిది ఆసుర నిశ్చయమని పదిహేడో అధ్యాయం కఠినంగానే అంటుంది. ఎముకల గూడయ్యేదాకా తపస్సు చేసిన సిద్ధార్థుడు కూడా ఆ దారి వదిలి సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాకే బోధి చేరాడు. అన్నాన్ని నిందించకపోవడాన్ని తైత్తిరీయోపనిషత్తు ఒక వ్రతంగానే పెట్టింది. అన్నాన్ని శత్రువుగా చూస్తూ బరువు తగ్గేవాడు ఆ వ్రతాన్ని రోజూ భంగం చేస్తున్నట్టే.

తగ్గించే నియమం అందరికీ వర్తించదు. రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఉంది. ఏకాదశి విషయంలోనూ పిల్లలకు, ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు సడలింపు ఉంది. కేలరీల కోతకూ ఇదే పద్ధతి నిలుస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు కోసం తిండి తగ్గించకూడదు. షుగరుకు మందులో ఇన్సులినో తీసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా పూట మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎత్తుకు తగ్గ బరువులోనే ఉన్నవారికి తగ్గవలసిన అవసరమే లేదు.