ఊరికే పరుగెత్తడం

నేను పరుగు మొదలుపెట్టి ఎనిమిది నెలలవుతోంది. ఈ ఎనిమిది నెలల్లో ఎంత దూరం పరుగెత్తుతున్నావని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఎందుకు పరుగెత్తుతున్నావని అడిగినవాళ్ళకి లెక్కలేదు. వాచ్‌మన్ అడిగాడు. పాలపాకెట్లు వేసే అబ్బాయి అడిగాడు. మా పెద్దమ్మ ఫోన్ చేసి మరీ అడిగింది. నాతో పనిచేసే అతనొకడు పదేళ్ళుగా పరుగెత్తుతున్నాడు, నిన్నూ ఇలాగే అడుగుతారా అంటే నవ్వాడు. "ఎందుకని ఎవరడుగుతారండీ, టైమింగ్ ఎంతని అడుగుతారు" అన్నాడు.

ఈ 'ఎందుకు' గురించే నా ఆలోచన. అడిగినవాళ్ళ మీద కోపంతో కాదు. మొదట్లో ఆ ప్రశ్నకి నా దగ్గర చాలా మంచి జవాబు ఉండేది. తర్వాత అది లేకుండా పోయింది. జవాబు పోయింది కాబట్టి పరుగు కూడా ఆపేయాలా అన్నదే సమస్య.

ఆ జవాబు ఒక రక్తపరీక్ష కాగితం మీద ఉండేది. నాకు ముప్ఫయ్యారేళ్ళు. అమ్మమ్మకీ అమ్మకీ షుగర్ ఉంది. పిహెచ్‌డి అంటే నిజానికి ఏళ్ళ తరబడి కూర్చోవడమే కదా. గ్రంథాలయంలో కూర్చుని చదవడం, ఇంట్లో కూర్చుని రాయడం, గైడ్ గది బయట కూర్చుని ఎదురుచూడడం. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మంలో నిలబడి ఉందని అర్థం. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరని లాక్కుంటుందనీ, నడవమనీ, వీలైతే పరుగెత్తమనీ డాక్టరమ్మ చెప్పింది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడమో 75 నిమిషాలు గట్టి శ్రమ చేయడమో కనీసం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క కూడా ఆమే చెప్పింది.

ఆ కాగితం చూసి ఇంట్లో అందరూ ఎంత కదిలారో! పొద్దున్నే ముప్పావుగంట ఇల్లు వదిలి వెళ్ళడానికి అప్పటిదాకా ఎన్ని కారణాలు వెతికినా దొరకలేదు. ఇప్పుడు అత్తయ్యే అలారం పెట్టింది. "నువ్వు బాగుంటేనే కదమ్మా ఇల్లు బాగుండేది" అంది. ప్రేమతోనే అంది. ఆ వాక్యం నిర్మాణం చూడండి. నేను బాగుండడం ఒక షరతు. ఇల్లు బాగుండడం దాని ఫలితం.

ఇక పరుగు సంగతి. కొత్తవాళ్ళ కోసం 'కౌచ్ టు ఫైవ్ కె' అని తొమ్మిది వారాల పద్ధతి ఒకటుంది. వారానికి మూడు రోజులు. మొదటి వారం అయిదు నిమిషాలు నడిచి, తర్వాత ఇరవై నిమిషాలపాటు అరవై సెకన్ల పరుగు, తొంభై సెకన్ల నడక. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు తన తల్లి లాంటి వాళ్ళు పరుగు మొదలుపెట్టడానికి వీలుగా దీన్ని తయారుచేశాడు. కొడుకు తల్లికి రాసిచ్చిన పరుగు! మన కొడుకులు తల్లుల్ని తీర్థయాత్రలకి పంపడం దగ్గరే ఆగిపోయారు.

అరవై సెకన్లు ఎంత పొడుగో ఎవరూ మాటల్లో చెప్పలేరు. గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. కొత్తవాళ్ళు దాదాపు అందరూ శక్తికి మించిన వేగంతో మొదలుపెడతారట. ఒక వాక్యం తెగకుండా పైకి చెప్పగలిగితే అదే సరైన వేగమని ఒక కొండగుర్తు. పక్కన మాట్లాడే మనిషి లేక నా సిద్ధాంత గ్రంథం అధ్యాయాల పేర్లు పైకి చెప్పుకునేదాన్ని. మూడో అధ్యాయం పేరు మరీ పొడుగు, నాలుగో వారానికి గానీ పూర్తిగా పలకలేకపోయాను. అప్పటికి కాలి ముందు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటుపడుతుంది కానీ ఎముకలకీ స్నాయువులకీ నెలలు పడుతుంది. ఊపిరి పరుగెత్తమంటుంది, ఎముక ఆగమంటుంది. రెండింటికీ రాజీ కుదిర్చేదే ఆ తొమ్మిది వారాల లెక్క.

లెక్కలో లేనివి ఇంకా ఉన్నాయి. బూట్ల గురించి చెప్పేవాళ్ళు పదిమంది, పరుగుకి వేరే బ్రా కావాలని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. తార్నాక దగ్గరి మా ఇంటి నుంచి ఉస్మానియా కాంపస్ రోడ్లు దగ్గరే. చెట్లూ, నీడా, నడిచేవాళ్ళ సందడీ ఉంటాయి. కానీ ఏ సమయంలో వెళ్ళాలన్నది నా వీలుని బట్టి కాదు, వెలుతురుని బట్టి. మగవాళ్ళు నాలుగున్నరకే వస్తారు. మేం తెల్లవారేదాకా ఆగుతాం. కుక్కల భయం ఇద్దరికీ సమానం.

చివరిసారి ఎప్పుడు పరుగెత్తానా అని గుర్తు చేసుకుంటే ఎనిమిదో తరగతి. ఆ తర్వాత ఆటల పీరియడ్‌లో ఆడపిల్లలం గోడవారన చేరాం. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత పరుగెత్తబోతే మోచేతులు ఛాతీకి అతుక్కుపోయి ఉన్నాయి. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు గురించి ఒక వ్యాసం రాసింది. స్త్రీ తన శరీరాన్ని పనిచేసే శక్తిగా కాక ఎవరో చూస్తున్న వస్తువుగా కూడా మోస్తూ ఉంటుందనీ, అందుకే కదలిక సగంలో ఆగిపోతుందనీ ఆమె వాదన. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. మోచేతుల దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పాత తెలుగులో పరుగుకి 'పరువు' అన్న రూపం కూడా ఉంది. కావ్యాల్లో గుర్రాలు పరువులెత్తుతాయి. ఇవాళ పరువు అంటే మర్యాద ఒక్కటే. రెండు మాటలకీ పుట్టుక ఒకటేనని నేను అనడంలేదు, ఆ సంగతి భాషావేత్తలు తేల్చాలి. కానీ ఆడపిల్లల విషయంలో మొదటి పరువు రెండో పరువుకి తాకట్టుగా ఉందన్నది తెలుసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. 'ఆ పిల్ల పరుగెత్తింది' అంటే ఎవరితో అని అడిగే దేశం మనది.

ఆరోగ్యం కారణంగా పరుగుకి అనుమతి దొరికిందని సంతోషిస్తున్న రోజుల్లోనే, ఒకప్పుడు అదే ఆరోగ్యం పేరుతో పరుగు ఆపేశారని చదివాను. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. ఫైనల్లో తొమ్మిదిమంది పరుగెత్తారు, తొమ్మిదిమందీ పూర్తిచేశారు. కానీ స్త్రీలు దారిలో కుప్పకూలిపోయారని పత్రికలు రాశాయి. అంత దూరం స్త్రీ శరీరానికి ప్రమాదమన్నారు. ఆ పోటీ మళ్ళీ ఒలింపిక్స్‌లోకి రావడానికి 1960 దాకా పట్టింది. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్‌ని నిర్వాహకుడొకడు దారిలోనే పట్టుకుని లాగబోయాడు. ఒలింపిక్ మారథాన్ స్త్రీలకి 1984లో గానీ దక్కలేదు. పరుగెత్తితే గర్భసంచికి హాని అన్న వాదన అన్నాళ్ళు బతికింది.

లీనా రాడ్కే గెలిచిన ఆ 1928లోనే మద్రాసులో కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. స్త్రీల జబ్బులకి 'లోధ్ర' తయారుచేసిన వైద్యుడాయన. ఎందరో రచయిత్రులకి చోటిచ్చిన పత్రికని చిన్నచూపు చూడలేను, నా పరిశోధనలో సగం అలాంటి పత్రికల మీదే బతికింది. కానీ ఆ పేరు చూడండి. స్త్రీ ఆరోగ్యం గృహానికి లక్ష్మి. దంచడం, విసరడం, చిలకడం, తోడడం ఉండగా ఆడవాళ్ళకి వేరే వ్యాయామం ఎందుకన్న మాట మా అమ్మమ్మ కూడా అనేది. వద్దన్నా ఆరోగ్యం కోసమే, చెయ్యమన్నా ఆరోగ్యం కోసమే. రెండుచోట్లా ఆ శరీరం ఇంకెవరి పనికో వాడుకోవలసిన పనిముట్టు.

జిముల గోడల మీద కనిపించే సంస్కృత సూక్తి, శరీరమే ధర్మానికి తొలి సాధనమని చెప్పేది, కాళిదాసు 'కుమారసంభవం' అయిదో సర్గలోది. అది ఎవరు ఎవరితో అన్న మాటో గోడ మీద రాయరు. తపస్సు చేస్తున్న పార్వతితో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు అంటాడు. ఒక స్త్రీ తనంతట తాను తన శరీరంతో ఏదో చేసుకుంటూంటే, ఒక పురుషుడు వచ్చి ఎందుకు చేస్తున్నావు, శక్తికి మించి చేయడంలేదు కదా అని వాకబు చేసే సందర్భం. సూక్తి కన్నా సందర్భమే నాకు ఎక్కువ పరిచితం.

ఆరో నెలలో మళ్ళీ పరీక్ష చేయిస్తే 5.6 వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం వండబోయి, నవ్వుకుని, మానేశాం. మర్నాడు పొద్దున నేను బూట్లు తొడుక్కుంటుంటే అత్తయ్య ఆశ్చర్యంగా అడిగింది, "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా?" అని. పరుగు ఆపితే అంకె మళ్ళీ పెరుగుతుందని చెప్పి ఉండొచ్చు. అది నిజం కూడా. నా సహచరుడు అదే చెప్పమన్నాడు, గొడవ లేకుండా పోతుందని. కానీ ఆ క్షణానికి అది కారణం కాదు. ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తిన రోజున నాకు షుగర్ గుర్తు రాలేదు. ఇల్లూ గుర్తు రాలేదు. కాళ్ళ కింద రోడ్డు కదులుతోంది, అంతే.

"ఊరికే అత్తయ్యా" అన్నాను.

తెలుగులో ఇంత అనుమానాస్పదమైన మాట ఇంకొకటి ఉందా? ఊరికే అంటే కారణం లేకుండా. ఊరికే అంటే ఉచితంగా. ఊరికే అంటే పని లేకుండా. 'ఊరికే కూర్చున్నావేం' అని ఆడపిల్లని అన్నంతగా మగపిల్లాడిని అనరు. ఊరికే తిరిగేది, ఊరికే నవ్వేది, ఊరికే కిటికీలో నిలబడేది, ఈ మూడూ స్త్రీ గుణగణాల పట్టికలో ఏ గడిలో పడతాయో మనకి తెలుసు. అందుకే మనం కారణాలు మూటగట్టుకుని తిరుగుతాం. పార్కుకి పిల్లాడి కోసం, బజారుకి కూరల కోసం, పరుగుకి షుగర్ కోసం. కారణం అనుమతి పత్రం లాంటిది. అనుమతి ఇచ్చినవాళ్ళకి గడువు పెట్టే హక్కు కూడా ఉంటుంది. శరీరం నాదనడానికి నా దగ్గర ఉన్న ఏకైక రుజువు, దానితో ఒక పని ఊరికే చేయగలగడం. ఇంట్లో ఈ మాట ఇంత గట్టిగా అనలేదు. ఇక్కడ అంటున్నాను.

అయితే ఈ వాదనకి ఒక చిక్కుంది. దాన్ని దాటవేసి పోవడం కుదరదు.

కాంపస్‌లో నాతోపాటు పొద్దున్నే కొందరు అమ్మాయిలు పరుగెత్తుతారు. పాత ట్రాక్ పాంట్లు, కొందరికి మామూలు కాన్వాసు బూట్లు. ఒకరోజు నీళ్ళు తాగుతుంటే ఒకమ్మాయి అడిగింది, "ఏ నోటిఫికేషన్ అక్కా? ఎస్‌ఐనా, కానిస్టేబులా?" అని. నాకు మొదట అర్థంకాలేదు. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకి సాధన అది. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌లో స్త్రీలకి పెట్టిన పరుగు 800 మీటర్లు. 1928లో ప్రమాదమన్న అదే దూరం, ఇప్పుడు ఉద్యోగానికి గుమ్మం. "ఏదీ కాదమ్మా, ఊరికే" అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మంచిగుంది అక్కా" అంది ఆ అమ్మాయి. అందులో ఎగతాళి లేదు. అసూయ ఉందేమో, నాకు తెలీదు.

వాళ్ళ పరుగుకి కారణం ఉంది. కారణం లేని పరుగు వాళ్ళకి అందని వస్తువు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన జీవాంజి దీప్తి చిన్నప్పుడు ఊళ్ళో ఎన్నో హేళనలు పడింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చాక అందరూ పూలదండలు వేశారు. పతకం కూడా ఒక కారణమే, ఆలస్యంగా వచ్చే కారణం. అది రాని అమ్మాయిల పరుగుకి విలువ ఏమిటని ఎవరూ అడగరు. ఇలాంటిచోట నిలబడి నేను 'ఊరికే' నా హక్కు అనడం కడుపునిండిన వాదం కాదా? కులం, వర్గం లేని స్త్రీ శరీరం ఎక్కడా లేదని దళిత స్త్రీలు మనకి ఎప్పుడో చెప్పారు.

మా ఇంట్లో పనిచేసే ఆమె నాకంటే పెద్దది, అక్కా అంటాను. అయిదిళ్ళలో పనిచేస్తుంది. నేను పరుగు మొదలుపెట్టాక ఆమెని ముందే రమ్మని అడగొచ్చని ఒక సలహా వచ్చింది. వద్దనుకున్నాం. ఆ ముప్పావుగంట వంటిల్లు నా సహచరుడిది. వారంలో నాలుగు రోజులు ఉప్మాయే, ఫరవాలేదు. ఒకరోజు ఆమె నా బూట్లు చూసి, "పొద్దుగాల లేసి ఊరికే ఉరుకుతవా అమ్మా?" అని నవ్వింది. ఊరికే, ఉరకడం, రెండూ ఆమె నోట్లో ఒకే మాటలా వినబడ్డాయి. కాసేపాగి, "నాకైతే ఒక్క ఐతారం ఊరికే పండుకోవాలనుంటది" అంది.

కొందరికి లేదు కనక నేనూ వదులుకోవాలనే జవాబు నాకు నచ్చదు. స్త్రీలకి త్యాగాలు నేర్పే బడులు ఇప్పటికే చాలా ఉన్నాయి. నేను వదిలేసిన ముప్పావుగంట ఆమెకి చేరదు కూడా, మా ఇంటి గిన్నెల్లో కలిసిపోతుంది. ఆమె అడిగినది నా పరుగు కాదు, ఆదివారం.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ కోసం 189వ ఒడంబడిక చేసింది. వారానికి వరసగా 24 గంటల విరామం ఇవ్వాలని అందులో ఉంది. ఆ విరామంలో ఏం చేస్తావని అడగమని లేదు. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది కానీ దాన్ని ధ్రువీకరించలేదు. మా అపార్ట్‌మెంట్లో అయితే ఆమెకి సెలవు కావాలంటే కారణం కావాలి. పెళ్ళి, చావు, జ్వరం, ఈ మూడూ చెల్లుతాయి. ఆమెకి లేని మేనమామలు ఎంతమంది ఈ పదేళ్ళలో చనిపోయారో ఆమే లెక్కపెట్టి చెబుతుంది.

అయిదిళ్ళవాళ్ళం కూర్చున్నాం. మేమూ ఎదురింటివాళ్ళూ జీతం కోయకుండా ఆదివారం సెలవుకి ఒప్పుకున్నాం. మిగిలిన మూడిళ్ళవాళ్ళూ చెడ్డవాళ్ళేం కాదు, పండగలకి చీరలు పెట్టేవాళ్ళే. "ఆదివారం ఆమెకేం పని?" అని అడుగుతున్నారు. అయిదిళ్ళూ ఒప్పుకుంటే తప్ప ఆమెకి ఆదివారం రాదు, రెండిళ్ళు మానినా మిగతా మూడిళ్ళ కోసం బస్సెక్కాల్సిందే. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటాం. ఈసారి ఆమె కూడా కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఎదురింటావిడ అంది.