తొంబదియారు మెట్లు

అనుయోగద్వార సూత్రమందు మనుష్యుల కనిష్ఠ సంఖ్య యొకటి చెప్పబడినది. 2ను వర్గము చేసిన 4. దానిని వర్గము చేసిన 16. ఇట్లు పోగా అయిదవ వర్గమును ఆరవ వర్గముచే గుణించిన ఆ సంఖ్య వచ్చును. అది 79228162514264337593543950336, మొత్తము 29 అంకెలు. 3 గాని, 5 గాని, 7 గాని దీనిని నిశ్శేషముగా భాగింపజాలవు. సగము చేయుచు పోయినచో మాత్రము 96వ సారికి సరిగా ఒకటి మిగులును. ఈ సగముల లెక్కకే ధవళా టీకలో అర్ధచ్ఛేదమని పేరు.

ఇంతటి సంఖ్యయు తొంబదియారు మెట్లలో ఒకటికి దిగివచ్చును. అనంతమట్లు కాదు, ఎన్ని సారులు సగము చేసినను అది అనంతమే. వర్తకుని ధనము ఎంత పెద్దదైనను సంఖ్యాతమే; చిట్టాలో ఇమిడిపోవును. ఆశ ఇమడదు. హద్దులేని కోరికను సగము తగ్గించుకొంటినని తృప్తిపడువానికి నిజముగా తగ్గినదేమి?

అందుచేతనే శ్రావకుని అయిదవ అణువ్రతము ధనమును పూర్తిగా విడువుమనలేదు, పరిమాణము పెట్టుకొమ్మన్నది. 'ఇంత చాలు' అని ఒక అంకె, ఎంత పెద్దదైనను సరే, వేసికొన్ననాడు ఆశ అనంతమునుండి సంఖ్యలోనికి దిగును. ఆపైన ఏటేట తగ్గించుకొనుట సాధ్యము. అంకె వేయనివానికి మొదటి మెట్టే లేదు.