సానబెట్టేది ఎవరి వెలుగు కోసం?

చదువు గురించి మాట్లాడేటప్పుడు మన పిల్లలను మట్టిలో మాణిక్యాలు అంటారు. సానబెడితే వజ్రాల్లా మెరుస్తారని అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా ఆదివాసులుగా మనం ఆ మాటను ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. సానబెట్టడం అంటే నిజంగా ఏం జరుగుతుంది? రాయికి ఏం వస్తుంది, రాయి నుంచి ఏం పోతుంది? ఏది పోవాలో తేల్చేది ఎవరు?

ముందు రాయి సంగతి చూద్దాం. ముడి వజ్రం చూపుకు గొప్పగా ఉండదు. జిడ్డు పట్టిన గాజుముక్కలా మసకగా ఉంటుంది. తెలియనివాళ్లు తొక్కుకుంటూ పోతారు. దాన్ని మెరిపించేది కోత. వజ్రంలోకి వెళ్లిన కాంతి బాగా వంగుతుంది. లోపలి గోడను తగినంత ఏటవాలుగా తాకితే, అద్దం మీద పడినట్టు వెనక్కి తిరుగుతుంది. అలా కింది పలకల మీద రెండుసార్లు తిరిగి, మళ్లీ పైనుంచే మన కంటికి చేరేలా కోణాలు కుదరాలి. కింది భాగాన్ని మరీ లోతు తక్కువగా కోస్తే వెలుగు అడుగు నుంచి జారిపోతుంది. మరీ లోతుగా కోసినా నిలవదు, పక్కల నుంచి పోతుంది. ఎటు తప్పినా రాయి వెలవెలబోతుంది. వజ్రాల కోత చేసే కుటుంబంలో పుట్టిన ఇంజినీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఈ లెక్క కట్టి పుస్తకం రాశాడు. గుండ్రటి వజ్రానికి కింది పలకల వాలు 40.75 డిగ్రీలు, పై పలకల వాలు 34.5 డిగ్రీలు ఉండాలని తేల్చాడు. ఆ కోతలో 57 పలకలుంటాయి. అడుగు మొనను కూడా చదును చేస్తే 58.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. కోసేవాడు వెలుగును తయారు చేయడు. కాంతిని అంతగా వంచే గుణం రాయిది. అవే కోణాల్లో గాజును కోస్తే ఆ మెరుపు రాదు. కోసేవాడు దారి తెరుస్తాడు. ఆ దారి తెరవకపోతే గుణం రాయిలోనే ఉండిపోతుంది. కాబట్టి కోత అక్కర్లేదనడమూ తప్పే, మెరుపంతా కోసినవాడిదే అనడమూ తప్పే.

మంచి పనివాడు రాయి చేతికి రాగానే చక్రం మీద పెట్టడు. పెద్ద రాయి అయితే నెలల తరబడి చూస్తాడు. వజ్రం చీలే దిశలు నాలుగుంటాయి. అంత గట్టి రాయి కూడా తప్పు చోట దెబ్బ పడితే ముక్కలవుతుంది. దాని గట్టిదనం అన్ని వైపులా ఒక్కలా ఉండదు. అందుకే వజ్రపు పొడితో వజ్రాన్నే అరగదీయగలుగుతున్నారు. ఒక రాయికి కుదిరిన పద్ధతి ఇంకో రాయికి కుదరకపోవచ్చు. పైగా కోతలో తరచు సగం బరువు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రాలిపోతుంది. పోయింది మళ్లీ అతకదు.

ఆ నష్టం న్యాయమేనా అన్న ప్రశ్నకు కోహినూరును చూడాలి. అది మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చాలామంది చెబుతారు. 17వ శతాబ్దంలో ఆ గని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. రాళ్ల పేర్లు మిగిలాయి, తవ్వినవాళ్ల పేర్లు మిగలలేదు.

1849లో పంజాబును కలిపేసుకున్నప్పుడు ఇంగ్లీషువాళ్లు పదేళ్ల మహారాజు దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించి కోహినూరును తీసుకున్నారు. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే చూసినవాళ్లు పెదవి విరిచారు. మన దేశపు పాత పనివాళ్లు వీలైనంత బరువు నిలిచేలా కోసేవాళ్లు. లండన్ కంటికి తళుకు కావాలి. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను పిలిపించి, ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద 38 రోజులు కోయించారు. సుమారు 190 కారట్ల రాయి 105.6 కారట్లకు దిగింది. తళుకు పెరిగింది.

అదే కాలంలో ఆ పిల్లవాడినీ సానబెట్టారు. తల్లి జింద్ కౌర్ నుంచి 1847లోనే విడదీశారు. ఇంగ్లీషు దొరల పెంపకంలో ఉంచారు. 1853లో మతం మారాడు. 1854లో ఇంగ్లండ్ చేరాడు. తల్లిని మళ్లీ చూసేసరికి 1861 వచ్చింది. రాయినీ పిల్లవాడినీ కోసింది ఒకే రాజ్యం. చూసేవాళ్ల కంటికి నచ్చేలా కోసింది. రాయిని అడగలేం. పిల్లవాడిని అడగవచ్చు, అతని తల్లిని అడగవచ్చు. నీతి ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

దీన్ని మన బడి దగ్గరికి తెచ్చుకుందాం. లెక్కలు రాకపోవడం, చట్టం తెలియకపోవడం, పదిమందిలో లేచి మాట్లాడాలంటే భయం, ఇవన్నీ అరిగిపోవాల్సినవే. షావుకారు రాసిన కాగితం చదవలేక, దాని మీద వేలిముద్ర వేసి మన పెద్దలు ఎంత భూమి పోగొట్టుకున్నారో మనకు తెలుసు. కానీ కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్ల ఇంటి మాటను బడి గడప బయటే వదిలి రావాలంటే అది వేరే కోత. తల్లి భాష, ఇంటిపేరు, గట్టు, గోత్రం, పండగ, డోలు దెబ్బకు లేచే అడుగు మకిలి కావు. కాంతిని వంచే గుణం వాటిలోనే ఉంది. వాటిని తీసేసి ఎన్ని పలకలు చెక్కినా మిగిలేది గాజే.

రాయిని ముందు చదివి పని మొదలుపెట్టిన రోజులు మన నేల మీదా ఉన్నాయి. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది. గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశారు. వాచకాలు గోండిలోనే రాయించారు. తెలిసిన మాట మీద నిలబడి తెలియని దాన్ని అందుకోవడం అక్కడి పద్ధతి.

ఊరు దాటాలంటే ఏదో ఒకటి వదలక తప్పదు కదా అని మన యువకులే అడుగుతారు. నిజమే. బరువు తగ్గకుండా ఏ రాయీ మెరవదు. అడవి దాటి చదివినవాళ్లు కొంత వదిలే వచ్చారు. అయితే ఎంత వదలాలి, ఎక్కడ వదలాలి, ఎవరి కంటికోసం వదలాలి అన్నది మనమే తేల్చుకోవాలి. మనం ఎంచి వదిలింది ఖర్చు. మనల్ని అడగకుండా తీసేసింది దోపిడీ. బయటికి రెండు కోతలూ ఒకేలా మెరవవచ్చు. తేడా మెరుపును చూస్తే తెలియదు, ఎవరు నిర్ణయించారో అడిగితేనే తెలుస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులారా, కొత్త పిల్ల బడికి వస్తే ఏం రాదో రాసుకునే ముందు ఏం వచ్చో అడగండి. ఎన్ని చెట్ల పేర్లు తెలుసో, ఎన్ని పాటలు వచ్చో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు రాళ్లు కారు. కావాల్సిన చదువును గట్టిగా అడగండి. పోకూడనిది పోతున్న చోట వద్దని చెప్పండి. పంతుళ్లుగా, వకీళ్లుగా, రచయితలుగా సానబట్టే చేతులు మనలోంచే రావాలి. వజ్రాన్ని కోసేది వజ్రమే.