విప్పి కుట్టిన ఆకులు

మా పెద్దన్నయ్య షష్టిపూర్తికి వదిన చేతిలో ఏం పెట్టాలా అని నెల్లాళ్ళు తర్జనభర్జన పడ్డాను. చీరలా, ఆవిడ బీరువాలో పట్టనన్ని వున్నాయి. చివరికి తెల్లటి పాప్లిన్ గుడ్డ కొని దిండు గలీబుల జత కుట్టి యిద్దామని నిశ్చయించుకున్నాను. అంచు వెంట మల్లెతీగ, నాలుగు మూలలా పూలు. నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే మరి!

తీరికేదీ అంటారా? రాత్రి భోజనాలయ్యాక మావారు టీవీలో సినిమా పెడతారు. పక్కనే కూచుని, ఆరు పోగుల దారంలోంచి రెండేసి పోగులు విడదీసి సూదికెక్కించేదాన్ని. ఈ పనికి మంచి సినిమా పనికిరాదని రెండోరోజే తెలిసిపోయింది. ‘మాయాబజార్’ వేసిన ఆ రాత్రి ఒక్క కుట్టు పడితే ఒట్టు! 1957 నాటి సినిమా, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా శశిరేఖ రూపంలో వున్న ఘటోత్కచుడుగా సావిత్రి మగరాయుడిలా నడుస్తుంటే సూది గాల్లోనే ఆగిపోయింది. అదే పసలేని సినిమా అయితే చెవి అటు పడేసి, కళ్ళు గుడ్డమీద పెట్టుకోవచ్చు. అదృష్టమో దురదృష్టమో, తక్కిన రాత్రులన్నీ అలాంటివే దొరికాయి.

అందులో ఒకటి, ఎంతో పేరు విని ఆశపడి కూచున్నది, మరీ ఘోరం. హీరోకి ఎడమ భుజాన తగిలిన గాయం మరుసటి సీనులో కుడి భుజానికి మారింది. నాకు ఒళ్ళు మండింది. “ఇరవై నాలుగు శాఖలంటారు, ఇంతమందిలో ఒక్కరూ చూసుకోలేదా? చూసీ, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నారా?” అని సినిమా అయ్యేదాకా సాధిస్తూనే వున్నాను. “నీ కుట్టు నువ్వు కుట్టుకోవే” అన్నారు మావారు.

మర్నాడు పొద్దున్న గలీబుని ఎండలో పట్టుకు చూస్తే గుండె గుభేలుమంది. ఓ మూల అయిదు ఆకులు తక్కినవాటి రంగులో లేవు. ట్యూబులైటు కింద ఒకేలా కనిపించిన రెండు పచ్చదారాలూ ఎండలో ఒకటి చిలకపచ్చ, ఒకటి నాచురంగు! “ఎవరు చూస్తారు? ఆ మూల దిండు కిందికి పోతుంది” అన్నారు మావారు.

సరిగ్గా ఆ మాటే ఆ సినిమావాళ్ళూ అనుకుని వుంటారు.

బి.ఏ.లో తత్వశాస్త్రం చదివిన పాపానికి ప్రశ్న నన్ను వదల్లేదు. చేత్తో చేసిన కానుకని జనం ఎందుకు మెచ్చుకుంటారు? కొనలేక కాదు, తన కాలాన్ని ధారపోసిందని. మరి నేను పోసిందేమిటి? ఎలాగూ పాడయ్యే రాత్రుళ్ళు. మనసులో సగం వదినకి, సగం ఆ గాయం హీరోకి. మిగిలిపోయిన కూర వేడిచేసి చుట్టానికి వడ్డించినట్టు కాదూ?

వదినది నరసాపురం దగ్గర పల్లె. పరికిణీల వయసులోనే వాళ్ళమ్మతోపాటు అరుగుమీద కూచుని లేసు అల్లేది. ఆ నరసాపురం లేసు స్త్రీల గురించి మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు 1982లో ఓ పుస్తకమే వేసింది. గంటల తరబడి అల్లినా వాళ్ళని పనివాళ్ళనే వారు కాదట. తీరికవేళ అల్లుకునే ఇల్లాళ్ళనే వారట. సంసారాలు లాక్కొచ్చిన పనికి ‘తీరిక’ అని పేరు! అలాంటి చేతులకి నేను నిజంగానే తీరిగ్గా, పరాగ్గా చేసింది ఇవ్వబోతున్నాను. పైగా ఆవిడకో అలవాటు. ఏ కుట్టు చూపించినా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. “ముడులు ఎక్కడ దాచారో చూడద్దూ?” అంటుంది.

పరధ్యానం తప్పని నేననను. మన అమ్మలు కబుర్లాడుకుంటూనే అల్లారు, పాడుకుంటూనే విసిరారు. తెలియక పొరబడితే అది చేతి పొరబాటు. ఎండలో చూశాక కూడా వదిలేస్తే మాత్రం అది చెయ్యి చేసింది కాదు, నేను చేసింది. ఆలోచిస్తే, సినిమా మీద నా కోపం కూడా గాయం మారినందుకు కాదు. నా రెండున్నర గంటల్నీ వూరికే వచ్చినవిగా లెక్కకట్టినందుకు.

ఓ మధ్యాహ్నం టీవీ జోలికి పోకుండా, కిటికీ దగ్గర కూచుని అయిదు ఆకులూ విప్పి మళ్ళీ కుట్టాను. పాత సూది బెజ్జాలు సన్నగా మిగిలే వున్నాయి.

షష్టిపూర్తి నాడు వదిన గలీబు అందుకుని, అనుకున్నట్టే వెనక్కి తిప్పి, ఆ మూలని వేలితో తడిమింది.

“ఇక్కడ విప్పి కుట్టావు కదే? ఏం సినిమా చూస్తూ కూచున్నావేమిటి?” అంది నవ్వుతూ.

ఎంత ఆలోచించినా ఆ సినిమా పేరు గుర్తు రాలేదు.