రెండు మిల్లీమీటర్ల సాక్ష్యం

కొత్త జాతి ఈగని ‘కనుగొన్నారు’ అని వార్తల్లో రాస్తారు. ఆ మాట వింటే ఎవరో మడ అడవిలో నడుస్తూ నడుస్తూ ఆగి, అదిగో అని వేలు చూపించినట్టు ఉంటుంది. జరిగేది అది కాదు. బురద మీద గుడారం లాంటి వల కడతారు. రెనే మలేజ్ అనే స్వీడన్ దేశస్థుడు 1930లలో తయారుచేసిన వల అది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎగిరే పురుగు అడ్డు తగిలితే పైకి, వెలుతురు వైపు పాకుతుంది. అక్కడ ఆల్కహాల్ సీసా ఉంటుంది. ఒక్కో సీసాలో వందలు, ఒక్కోసారి వేలు పడతాయి. వాటిలోంచి రెండు మిల్లీమీటర్ల మగ ఈగని ఒకదాన్ని ఏరి, పొట్ట చివరి భాగం కోసి, క్షారంలో నానబెట్టి, మైక్రోస్కోప్ కింద దాని జననాంగం బొమ్మ గీస్తారు. ఈగల్లో చాలా జాతులకి తేడా తెలిసేది అక్కడే. ఆడ ఈగ ఒక్కటే దొరికితే చాలాసార్లు అది ఏ జాతిదో తేల్చలేరు. (ఇక్కడ కూడా మగవాడి పేరు చెబితే తప్ప గుర్తింపు కార్డు రాదన్నమాట.)

అలా కోసిన ఆ ఒక్క ఈగని హోలోటైప్ అంటారు. పెట్టిన లాటిన్ పేరు శాశ్వతంగా దానికే అతుక్కుని ఉంటుంది. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వర్ణన చదివి సరిపెట్టుకోరు, మ్యూజియంకి వెళ్ళి ఆ ఈగనే చూస్తారు. నా వృత్తి భాషలో చెప్పాలంటే పేరు ఒక పాయింటర్, అది చూపించే చిరునామా ఒక శవం.

ఒక ప్రాణి ఉందని లోకానికి చెప్పడానికి దాన్ని చంపాల్సిందేనా?

ఈ ప్రశ్న అడగడానికి జైనుడే కానక్కర్లేదు. శాస్త్రజ్ఞులే అడిగారు. 1991లో సోమాలియా నుంచి ఒక పక్షిని కొత్త జాతిగా వర్ణించినవాళ్ళు దాన్ని చంపలేదు. రక్తం, ఈకలు తీసుకుని వదిలేశారు. లాటిన్ పేరులో కూడా ‘విడుదలైనది’ అనే అర్థం వచ్చేలా లిబరాటస్ అని పెట్టారు. ఎంత మంచి కథ! 2008 నాటికి డీఎన్‌ఏ చూసి, అది అసలు వేరే జాతే కాదు, తెలిసిన పక్షికే మరో రంగు అని తేల్చారు. మంచి మనసు మంచి సాక్ష్యం కాలేకపోయింది. అయితే ఆ తప్పుని పట్టించినవి కూడా దాచిపెట్టిన ఆ రక్తమూ ఈకలే.

2015లో ఈగల దగ్గరే ఇంకో అడుగు పడింది. దక్షిణాఫ్రికాలో వడ్రంగి తేనెటీగని అనుకరించే ఒక ఈగని మార్షల్, ఎవెన్‌హుయిస్ అనే ఇద్దరు కేవలం ఫోటోల ఆధారంగా వర్ణించి పేరు పెట్టారు. ఈగ చేతికి చిక్కలేదు. వందల మంది వర్గీకరణ శాస్త్రజ్ఞులు కలిసి అభ్యంతరం చెప్పారు. నేను కూడా వాళ్ళ పక్షమే. ఫోటోని తిప్పి చూడలేం. దాని పొట్ట కింద ఏముందో రేపటి ప్రశ్నకి ఫోటో జవాబు చెప్పదు.

నమూనా లేకపోతే ఏమవుతుందో చూడటానికి దక్షిణాఫ్రికా దాకా పోనక్కర్లేదు. 1840లలో మా నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ పక్షుల మనిషిగానే గుర్తుంటాడు గానీ, 1851లో దక్షిణ భారతదేశపు చీమల మీద కూడా ఒక పట్టిక అచ్చేశాడు. ఎగిరి దూకే చీమకి, హార్పెగ్నాథోస్ సాల్టేటర్‌కి, పేరు పెట్టింది ఆయనే. అంత వింతైన చీమ కాబట్టి అది నిలబడింది. అదే పట్టికలో మామూలుగా కనిపించే కొన్ని చీమల సంగతి తర్వాతివాళ్ళకి తేలలేదు. వర్ణన ఉంది, చీమ లేదు. జెర్డన్ కళ్ళతో చూసింది జెర్డన్‌తోనే పోయింది.

కాబట్టి చంపడం అవసరం అంటున్నానా? అవసరమే, కానీ దానికి జనం సాధారణంగా చెప్పే సమర్థన నాకు నచ్చదు. ‘రాత్రి ఒక దోమల కాయిల్ చంపినంత కూడా చంపరండీ, రొయ్యల చెరువు కోసం ఎకరం మడ కొట్టేస్తే పోయేవాటి ముందు ఇదెంత’ అంటారు. లెక్క నిజమే. కానీ ఇంకొకడు పెద్ద దొంగ అయినంత మాత్రాన నా చిన్న దొంగతనం దానం అయిపోదు. పైగా ఒక్క ఈగ కోసం సీసాలో పడ్డ మిగతా వేల పురుగుల సంగతి ఈ లెక్కలోకి రాదు.

నాకు అసలు బాధ్యత ఇంకోచోట కనిపిస్తుంది. ఫోంటేన్, పెరార్డ్, బూషే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2012లో ఒక లెక్క తీశారు. కొత్త జాతి నమూనా మొదటిసారి సేకరించిన రోజుకీ, దానికి పేరు అచ్చయిన రోజుకీ మధ్య సగటున 21 ఏళ్ళు. సగటు అంటే ఇంకా ఎక్కువ కాలం పట్టినవీ చాలా ఉన్నాయి. ఇది పేరు దొరికిన అదృష్టవంతుల సంగతి. ఇంకా సీసాలోనే ఉన్నవి ఈ సగటులోకి రావు.

చంపడం ఒక అప్పు అనుకుంటే, వర్ణించడం ఆ అప్పు తీర్చడం. సాక్ష్యం చెప్పిస్తానని ప్రాణం తీసి, కోర్టు వాయిదాలు వేస్తూ పోతే అది హత్య కాక మరేమిటి? మాటలు పెద్దవైపోయాయని తెలుసు, ఈగ గురించే మాట్లాడుతున్నాను. కానీ సేకరించడానికి డబ్బులిచ్చే సంస్థలు, అల్మరాల ముందు ముప్పై ఏళ్ళు కూర్చుని బొమ్మలు గీసే మనిషికి జీతం ఇవ్వడానికి వెనకాడతాయి. సేకరించడం యాత్ర, వర్ణించడం గుమాస్తా పని. మా కోడింగులో కూడా అంతే, కొత్త ఫీచర్ రాసినవాడికి చప్పట్లు, డాక్యుమెంటేషన్ రాసేవాడికి దండం.

మడ అడవిలో పని ఎంత మిగిలి ఉందో సింగపూర్‌ని చూస్తే తెలుస్తుంది. అంత చిన్న దేశంలో, మిగిలిన కాస్త మడలోనే మూడు వేలకి పైగా పురుగుల జాతులు ఉన్నట్టు 2021లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. మడలో చెట్ల రకాలు తక్కువ, కాబట్టి పురుగులూ తక్కువే ఉంటాయని అంతకుముందు అనుకునేవాళ్ళు. మన కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం ఒక్కటే 235 చదరపు కిలోమీటర్లు. 1978 నుంచి అది అభయారణ్యం. అక్కడ పడవ ఎక్కినవాళ్ళు మడ చెట్లనీ కొంగలనీ ఫోటో తీస్తారు. ఆటు దిగాక బురద మీద పొడుగు కాళ్ళతో పరిగెత్తే ఆకుపచ్చ మెరుపు ఈగలు, డొలికోపోడిడే కుటుంబం వాళ్ళు, ఎవరికీ కనిపించవు. వీటిలో కొన్నిట్లో మగవి ఆడదాని ముందు అలంకరించుకున్న కాళ్ళు ఊపి చూపిస్తాయి. కుట్టవు, తేనె ఇవ్వవు.

కుట్టకపోవడం, ఇవ్వకపోవడం వల్లే వాటికి తెలుగులో పేరు లేదు. మన భాషలో ఈగల లెక్క చూడండి: చెవి దగ్గర రొద పెట్టేది జోరీగ, గొడ్డుని పీడించేది గొడ్లీగ, కుట్టేది కందిరీగ, తేనె ఇచ్చేది తేనెటీగ. శాస్త్రం ప్రకారం చివరి రెండూ ఈగలే కావు, అయినా మనకి అవీ ఈగలే. నాకు నువ్వేం చేస్తావు అన్నదే మన పేర్ల వెనక ఉన్న ప్రశ్న. లాటిన్ పేరు నోరు తిరగదు, అందులో తెల్లదొరల పేర్లు బోలెడు. అయినా ఆ ప్రశ్న అడక్కుండా పేరు ఇచ్చే పద్ధతి నాకు తెలిసి అదొక్కటే.

మా ఆత్మకూరు వైపు ఒక మినహాయింపు ఉంది, కలివి కోడి. కొండల కింద కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. మనిషికి అది ఏం చేస్తుందో కాదు, అది ఎక్కడ బతుకుతుందో చెప్పే పేరు. 1848లో బ్లైత్ దానికి లాటిన్ పేరు పెట్టాడు. ఇంగ్లీషులో జెర్డన్ పేరు తగిలించుకుంది. 1900 తర్వాత ఎవరూ చూసినట్టు నమోదు లేదు, పోయిందనుకున్నారు. 1986 జనవరిలో, వెలిగొండలకి అవతల లంకమల దగ్గర రెడ్డిపల్లెలో, ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి బతకలేదు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళ సేకరణలో ఇప్పుడు అదొక నమూనా.

ఆ చావు లేకుండా కూడా ఆ పక్షి బయటపడేదేమో, బయటపడకపోయేదేమో. తర్వాత లంకమలేశ్వర అభయారణ్యం వచ్చింది. అటు వస్తున్న తెలుగుగంగ కాలువ దారి మార్చారు. కాలువ కాగితాల్లో అడ్డం పడగలిగింది ఒక పేరు, ఆ పేరు వెనక ఒక నమూనా. అదే కాలువ మట్టిలో ఏ నుసుమ ఉండేదో, దానికి పేరు లేదు కాబట్టి, ఏ ఇంజినీరూ దాని కోసం గీత జరపలేదు. జరపాలని అడగడానికి ఫైల్లో ఏమని రాస్తారు?